మేస్త్రి జాయింటు

మేస్త్రి పోయాడని చెప్పడానికి ఫోను చేసినవాడు ముందు నా కారెలా ఉందని అడిగాడు. మా యానాంలో నా ఆరోగ్యం గురించి ఎవరూ అడగరు, కారు ఆరోగ్యమే అడుగుతారు. బాగానే ఉందన్నాను. ఆ లైట్లు మళ్ళీ వెలగడం లేదు కదా అన్నాడు. లేదన్నాను. అప్పుడు తీరిగ్గా, మేస్త్రి తెల్లారుజామున పోయాడనీ, గుండెపోటనీ, మధ్యాహ్నం దాకా ఇంటి ముందే ఉంచుతారనీ చెప్పాడు.

ఫోను పెట్టేసి మా కొట్లో రొయ్యల మేత బస్తాల మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆయన అన్న మాటలు ఒకటొకటిగా గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి సిగ్గేసింది. ఆ సిగ్గెందుకో చెప్పాలంటే ముందు ఆయనెలాంటివాడో చెప్పాలి.

ఆయన పేరు రాయను. రాసినా మా ఊళ్ళో సగం మందికి అదెవరో తెలీదు. తాపీ మేస్త్రులూ వడ్రంగి మేస్త్రులూ ఎంతమందున్నా, ఉత్తినే మేస్త్రి అంటే ఆయనే. కనకాలపేట దారిలో ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక బల్ల, బల్ల మీద ఒక మీటరు, గోడకి బ్యాటరీల కొట్టువాడిచ్చిన తెలుగు క్యాలెండరు. కార్లలో కరెంటు పని ఆయనది. లైట్లు, హారన్లు, సెల్ఫు, ఈమధ్య కార్లలో కుక్కగొడుగుల్లా పుట్టుకొచ్చిన సెన్సర్లు. పొట్టి మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే కొత్తది కొనకుండా రాగితీగె చుట్టుకున్నాడు. బీడీలు మానేసినప్పటి నుంచీ చొక్కా జేబులో తాటిబెల్లం ముక్క ఉండేది. కోపం వస్తే అది నోట్లో పడేసుకునేవాడు. ఆయన బుగ్గ ఎత్తుగా కనబడితే మేం నాలుగడుగులు దూరంగా నిలబడేవాళ్ళం.

ఆయన జన్మలో ఒక్క కారూ నడపలేదు. సైకిలే. కారు నడపడం రానివాడు కారేం బాగుచేస్తాడని ఒక పెద్దమనిషి నా ఎదుటే అడిగాడు. మేస్త్రి తల ఎత్తకుండానే, "పురుళ్ళు పోసే డాక్టరుగారు మొగోడే కదండీ. ఆయనెప్పుడన్నా కన్నాడేంటి?" అన్నాడు. ఆ పెద్దమనిషి బండి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

బండి నడిపి చూడాల్సొస్తే సొంతదారుణ్ణే నడపమని తను ఎడమ సీట్లో కూర్చునేవాడు. ఎక్కేముందు చెప్పులు కిందే విడిచేవాడు. భక్తి అనుకుంటే పొరపాటు. వట్టికాళ్ళు అడుగున ఆనించి ఉంటే బండి వణుకు తెలుస్తుందట. ఎక్కినచోట దిగడు కాబట్టి చెప్పులు ఊళ్ళో ఎక్కడ పడితే అక్కడ ఉండిపోయేవి. అగ్రహారంలో ఒక జత, ఫరంపేటలో ఒక జత, ఒకసారి ఎదుర్లంక వంతెన మొదట్లో. దిక్కులేని హవాయి చెప్పులు ఎవరి కంటపడినా తెచ్చి ఆయన షెడ్డు ముందు పడేసేవారు. వాటిలో సగం ఆయనవి కావు.

షెడ్డులోకి బండి రాగానే, "పేషంటు తాలూకా ఎవరు?" అనేవాడు, పెద్దాసుపత్రిలో నర్సులా. తాలూకావాళ్ళు ముందుకొస్తే వాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు. అవి బండి గురించి అయి ఉండేవి కావు. పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు, బండి నీడలో పెడతారా ఎండలోనా, ఎవరు కడుగుతారు, ఈమధ్య చుట్టాలెవరైనా వచ్చి వెళ్ళారా. కారుకి తగిలిస్తే జబ్బు పేరు చెప్పే స్కానరు ఒకటి ఆయన మేనల్లుడు కొనిచ్చాడు. పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా వాడేవాడు దాన్ని. "ఇది జొరం చూసే పుల్లరా. నూట రెండుందని చెప్తది గానీ, వానలో తడిసొచ్చాడని చెప్పదు," అనేవాడు.

ఎప్పుడూ వెలిగే లైటంటే ఆయనకి చిన్నచూపు. దాన్ని ఎవడైనా ఆర్పుతాడనేవాడు. అప్పుడప్పుడూ వెలిగి, మెకానిక్కు చెయ్యి వెయ్యబోయేసరికి నంగనాచిలా ఆరిపోయే లైటంటే మాత్రం ప్రాణం. అలాంటి లైటు కోసం తిండి మానేసి ఎంతసేపైనా కూర్చునేవాడు. చెరువుల ఆసామి ఒకాయన, అంత గొడవెందుకు, ఆ బల్బు పీకేస్తే సరిపోతుంది కదా అని సలహా ఇచ్చాడు. మేస్త్రి జేబులోంచి బెల్లం తీసి నోట్లో వేసుకుని, మీ ఆవిడ తిడుతుంటే మీరు చెవులు కోయించుకుంటారా అని అడిగాడు. ఆసామి ఉక్రోషంగా బండి తీసుకెళ్ళిపోయాడు. నాలుగో రోజున తిరిగొచ్చి తాలూకా బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాడు.

మనిషికి అన్నిటికన్నా గర్వం తన జాయింటు మీద. తెగిన వైరు చివరలు రెండూ ఒలిచి, రాగి పోగులు విడదీసి, వేళ్ళు అల్లుకున్నట్టు ఒకదాంట్లో ఒకటి దూర్చి, మెలిపెట్టి, సీసం కరిగించి మాటు పెట్టి, టేపు చుట్టి, చివరికి సొంతదారు చేతికిచ్చి "లాగండి" అనేవాడు. ఎంత లాగినా ఊడేది కాదు. ఒకసారి ఒక లారీ ఆయన పంతం పట్టి లాగితే వైరు మరోచోట తెగింది, జాయింటు అలాగే ఉంది. దాంతో ఊళ్ళో అదొక మాటైపోయింది. ఎవరికైనా పెళ్ళి కుదిరిందంటే "మేస్త్రి జాయింటేనా?" అని అడిగేవారు. అంటే ఇక తప్పిపోయే సంబంధం కాదు కదా అని. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రి విననట్టు నటించేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఇక నా కారు. నాలుగేళ్ళ క్రితం ఒక పంటకి రొయ్య బాగా పండింది, మా కొట్లో మేత బాగా అమ్ముడైంది, నాకు బుద్ధి మందగించింది. ఎక్కడో నగరంలో ఒకాయన వాడి వదిలించుకున్న ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. మా ఊళ్ళో మూడో గేరు వేసేసరికి ఊరైపోయి ఆంధ్రా వచ్చేస్తుంది, మళ్ళీ వెనక్కి తిప్పుకోవాలి. స్పీడు బ్రేకరు వస్తే తాబేలు గట్టెక్కినట్టు ఏటవాలుగా ఎక్కించాలి. ఫరంపేట జనం దానికి కప్ప అని పేరు పెట్టారు. రెండు సీట్ల బండి చూస్తే, అత్తగారికి ఇందులో చోటు లేదని ఆడపిల్లవాళ్ళకి ధైర్యం వస్తుందని నేను లెక్కేశాను. ఒక్క సంబంధమూ రాలేదు.

బండి ఇంటికొచ్చిన రోజునే, గేదెలూ మేకలూ తప్పుకోవాలి కదా అని, మేస్త్రి చేత గట్టి హారను పెట్టించాను. ముందు ఎడమ చక్రానికి పైన, లోపలివైపు బిగించి వైరు కలిపాడు. ఆ సాయంత్రమే అమ్మ బండికి పూజ చేయించి దిష్టి తీసింది. పది రోజులు గడిచాక లైట్లు మొదలయ్యాయి.

మూడూ ఒక్కసారే వెలిగేవి. ఒకటి బ్రేకులది, ఎర్రగా. ఒకటి గట్టిగా బ్రేకేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుది. మూడోది బండి పట్టుతప్పి జారిపోకుండా కాపాడే దానిది, చిన్న కారు బొమ్మ, దాని కింద రెండు మెలికల గీతలు. పొద్దున్న వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోయేవి. తర్వాత రెండు మూడు రోజులు ఊసే ఉండేది కాదు. ఒక ఊళ్ళో బ్రేకు ఆయిలు మార్చారు. ఇంకో ఊళ్ళో బండిని మూడు రోజులు ఉంచుకున్నారు, ఒక్క లైటూ వెలగలేదు, నా వైపు జాలిగా చూసి పంపించారు. ఇంకొకరు బ్రేకుల పెట్టె మొత్తం మార్చాలనీ, అది విదేశం నుంచి ఓడలో రావాలనీ అన్నారు. ఆయనకో దణ్ణం పెట్టి బండి తెచ్చుకున్నాను.

నేనైతే ఆ లైట్లు చూసీ చూడనట్టు తిరిగేసేవాణ్ణే. అమ్మ వల్ల కాదు. మా నాన్న టాక్సీ నడిపేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కాలవగట్టు మలుపులో బ్రేకులు పడలేదు. టాక్సీని కాలవలోంచి బయటికి తీశారు గానీ నాన్న దక్కలేదు. అప్పటి నుంచీ మా ఇంటికి ఏ బండి వచ్చినా అమ్మ దిష్టి తీస్తుంది. నా స్కూలు సైకిలుకి తీసింది. ఒకసారి గ్యాసు బండ దింపడానికొచ్చిన ఆటోకి కూడా తీసేసింది, పనిలో పనిగా. అలాంటి మనిషి కారులోకి తొంగిచూసి బ్రేకు లైటు చూసింది. మెలికల బొమ్మ చూసి, కారు కింద రెండు పాములున్నాయంది. జారుడు గుర్తమ్మా అని చెప్పాను. పాములు జారకుండా ఏం చేస్తాయి అంది.

ఆ రోజు నుంచి లైటు వెలిగిందంటే అమ్మ అన్నం ముట్టేది కాదు, నేను తిరిగొచ్చి గేటు దగ్గర బండి ఆపేదాకా. ఆవిడకి షుగరుంది. ఒక బుధవారం చెరువుల దగ్గర ఆలస్యమై మూడింటికి ఇల్లు చేరేసరికి వంటింటి గడప దగ్గర ఒళ్ళంతా చెమటలతో కూలబడి ఉంది. పంచదార నీళ్ళు పట్టించాను. కళ్ళు తెరిచి, "ఆ లైటన్నా ఆర్పించు, ఆ బండన్నా అమ్మేయ్. ఇంకోసారి కాలవగట్టుకి పరిగెత్తే ఓపిక నాకు లేదురా," అంది. ఆ సాయంత్రమే బండిని మేస్త్రి షెడ్డులో పెట్టాను.

మా నాన్నకి ఆయన స్నేహితుడు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది, నాకు మావయ్య. ఆ చనువుతో, హారను పెట్టాకే ఇది మొదలైంది, నీ జాయింటు ఏమైనా తేడా చేసిందేమో చూడు మావయ్యా అన్నాను. బుగ్గలోకి బెల్లం వెళ్ళింది. టార్చి నా చేతికిచ్చి బండి కిందకి దూరమన్నాడు. లాగమన్నాడు. లాగాను. మనిషి తిండి తిన్నట్టు లాగమన్నాడు. రెండు కాళ్ళూ తన్నిపెట్టి లాగాను. చొక్కా నిండా గ్రీజయింది, జాయింటు కదల్లేదు. నేను బయటికొచ్చేదాకా ఆగి, ఇక పనిలోకి దిగుదామా అన్నాడు.

స్కానరు ముందు ఎడమ చక్రం పేరు చెప్పింది. ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే సెన్సరుందట. దాని కబురు అందకపోతే బ్రేకులు కాసే ఏర్పాట్లన్నీ మూడు లైట్లు వెలిగించి చేతులు దులుపుకుంటాయట. చక్రం ఊడదీసి ఆ సెన్సరు ప్లగ్గు విప్పి చూశాడు. రబ్బరు సీలు చిట్లి ఉంది, లోపల పిన్నులకి పచ్చగా చిలుము. శుభ్రంగా తుడిచాడు. ఉప్పుగాలే కదా మావయ్యా, ఏటి పక్కన ఉంటున్నాం కదా అన్నాను. ఆయన లేచి మిగతా మూడు చక్రాల ప్లగ్గులూ విప్పి చూపించాడు. మూడూ కొత్త పెళ్ళికూతుళ్ళలా మెరిసిపోతున్నాయి.

"గాలొచ్చి ఒక్క చక్రాన్నే పట్టుకుంటదేంట్రా? సీలు మార్చడం ఎంతసేపు. దీనికి తడెక్కణ్ణించొస్తందో తెలీకపోతే అది మళ్ళీ చిట్లుద్ది," అన్నాడు. గోడకున్న క్యాలెండరు తీసి చుట్టచుట్టి నా చేతికిచ్చాడు. లైటు వెలిగిన ప్రతిరోజూ అంకె చుట్టూ గుండ్రం చుట్టాలి. నెల తిరిగాక తీసుకురావాలి. అంతవరకూ నిమ్మళంగా నడుపుకోవాలి, కాలవగట్టు మీదికి వెళ్ళకూడదు. అదే మందు చీటీ.

ఆ నెల నేను రకరకాల సిద్ధాంతాలు చేశాను. చెరువుల బురదేమోనని వారం రోజులు చెరువులకి స్కూటరు మీద వెళ్ళాను. లైటు వెలిగింది. కడిగినప్పుడు నీళ్ళు వెళ్తున్నాయేమోనని కడగడం మానేశాను. లైటు వెలిగింది, కారు కూడా కంపు కొట్టింది. అవతల అమ్మ తన వైద్యం తను చేసుకుంటోంది. లైటు తగ్గకపోయేకొద్దీ ఆ వైద్యం మోతాదు పెరిగింది. అది నేను గమనించలేదు. మా ఇంట్లో మంగళవారం, శుక్రవారం దిష్టి తియ్యడమంటే రోజూ పళ్ళు తోముకోవడం లాంటిది. దాన్నెవరైనా క్యాలెండరులో రాసుకుంటారా?

నెల తిరిగాక క్యాలెండరు బల్ల మీద పరిచాను. మేస్త్రి రాగితీగె కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి, చిన్నపిల్లలు ఎక్కం చదివినట్టు చదివాడు. బుధవారం, శనివారం. బుధవారం, శనివారం. అమావాస్య మర్నాడైతే రోజంతా. చదవడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"మంగళారం, శుక్రారం మీ ఇంట్లో ఏం జరుగుద్దిరా?"

ఏమీ జరగదన్నాను. గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నాను. శుక్రవారం సాయంత్రం వస్తాను, మీ అమ్మని కాఫీ పెట్టమను అన్నాడు.

వచ్చాడు. సైకిలు గేటు లోపల పెట్టి, వరండాలో కుర్చీ లాక్కుని కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు. దీపాలవేళ అమ్మ బయటికొచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, అందులో గుప్పెడు కల్లుప్పు. బండి ముందు నిలబడి ఇరుగువాళ్ళనీ పొరుగువాళ్ళనీ తలుచుకుంటూ మూడుసార్లు తిప్పింది. ఆ నీళ్ళన్నీ ముందు ఎడమ చక్రం మీద ఒక్క ఊపున కుమ్మరించింది. గేటువైపు ఉండేది ఆ చక్రమే. ఎర్రనీళ్ళు ఊచల మధ్యనుంచి లోపలికి దూసుకుపోయి చుక్కలు చుక్కలుగా కారాయి. పళ్ళెం అడుగున మిగిలిన ఉప్పు కూడా చేత్తో తీసి అక్కడే చల్లింది. కొబ్బరికాయ అమావాస్యకి మాత్రమేనట.

మేస్త్రి కాఫీ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. లైటు వెలిగిందని అమ్మ దిష్టి తీసింది, దిష్టి తీసిందని లైటు వెలిగింది. లైటు ఎక్కువయ్యేకొద్దీ ఉప్పు ఎక్కువ, ఉప్పు ఎక్కువయ్యేకొద్దీ లైటు. ముగ్గురు మెకానిక్కులకి దొరకనిది మా గేటు దగ్గర వారానికి రెండుసార్లు బాహాటంగా జరుగుతోంది. ఇంటికి దూరంగా మూడు రోజులుంటే వెలగకపోవడంలో వింతేముంది. నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. అమ్మా అని పిలవబోయాను. మేస్త్రి నా ముంజెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా వదల్లేదు.

"చెప్పేద్దాం మావయ్యా," అన్నాను.

"ఏవని చెప్తావ్? కొడుకు బ్రేకులు కాపాడదావని నీళ్ళు పోసి, ఆ కొడుకు బ్రేకులే పాడుచేశావని చెప్తావా? మొగుణ్ణి బ్రేకులకి ఇచ్చుకున్న మనిషిరా. ఇంక ఆవిడ బతికున్నన్నాళ్ళూ నిద్రపోద్దా?"

అప్పుడు నాకూ నవ్వు పోయింది. నిజమేననిపించింది. అమ్మ గ్లాసు తీసుకోవడానికి వచ్చి, ఏమైనా తెలిసిందా అన్నయ్యగారూ అని అడిగింది. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"తెల్సింది చెల్లెమ్మా. తప్పు నాదే. హారను పెట్టినప్పుడు జాయింటు సరిగా కట్టలేదు. తెరుచుకుని పక్క వైరుకి చేటు చేసింది."

అమ్మ కాసేపు నమ్మలేదు. "మీ జాయింటా?" అంది.

"నా జాయింటే," అన్నాడు.

ఆ చెవులు ఎర్రబడ్డాయేమో చీకట్లో కనపడలేదు. మా నాన్న పోయిన రోజున తప్ప ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ఆ వెంటనే మళ్ళీ మామూలు మేస్త్రి అయిపోయి అమ్మకి శాస్త్రం చెప్పాడు. దిష్టి నీళ్ళు చక్రం మీద పోస్తే ఆ దిష్టి చక్రమెక్కి, కొడుకుతోపాటు ఊరంతా తిరిగి, మళ్ళీ ఇంటికే వచ్చేస్తుందట. మూడుదార్ల కూడలిలో పోసి వెనక్కి చూడకుండా రావాలట. ఇంత చిన్న సంగతి తనకి తోచనందుకు అమ్మ నొచ్చుకుంది. మర్నాడు మేస్త్రి కొత్త ప్లగ్గూ కొత్త సీలూ వేశాడు. మూడేళ్ళయింది, మళ్ళీ ఒక్క లైటూ వెలగలేదు. అమ్మ వేళకి అన్నం తింటోంది.

అన్నం తిన్నాక అమ్మకి కోపం వచ్చింది. అంతకాలం అణచిపెట్టుకున్న భయమంతా కోపమైంది. ఆయన ఎదుట ఏమీ అనలేదు గానీ, కూరగాయల దగ్గర అంది, గుళ్ళో అంది, చర్చి వీధిలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర అంది. ఆ ఒక్క జాయింటు వల్ల నా కొడుకు నాకు దక్కకుండా పోయేవాడు అని. మా ఊరు ఎంతని, అటు చివర తుమ్మితే ఇటు చివర చిరంజీవ అంటారు. నెల తిరక్కుండా మాట తిరగబడింది. ఎవరికైనా సంబంధం తప్పిపోతే, "మేస్త్రి జాయింటా ఏంటి?" అనడం మొదలుపెట్టారు. ఆయన ఆ మాట కూడా విననట్టే నటించాడు.

ఒకసారి నేను షెడ్డులో ఉండగా ఒక టెంపో ఆయన, మేస్త్రి అడక్కుండానే జాయింటు పట్టుకుని రెండుసార్లు లాగాడు. ఊడదు కదా అని అడిగాడు. ఊడితే తీసుకురమ్మన్నాడు మేస్త్రి, బెల్లం కూడా తీసుకోకుండా. నేను క్యాలెండరు వైపు తిరిగి తిథులు చదువుకున్నాను. టెంపో వెళ్ళాక, నేను అమ్మకి చెప్పేస్తాను మావయ్యా అన్నాను.

"మీ అమ్మ తింటందా?" అన్నాడు.

తింటోందన్నాను.

"మరి నీకేంట్రా నొప్పి? పోయి రొయ్యలకి మేతేసుకో."

నేను వెళ్ళిపోయాను. ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అసలు సంగతి, నాకు అది సుఖంగా ఉంది. ఇంట్లో గొడవ లేదు, బండిలో గొడవ లేదు. నింద మోస్తున్నవాడు నవ్వుతూనే ఉన్నాడు.

ఆ ఫోను వచ్చాక కొట్టు మూసి ఇంటికెళ్ళి, మేస్త్రి పోయాడని అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలో చాట పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. మంచివాడంది, నాన్న పోయినప్పుడు మూడు రోజులు మా గుమ్మంలోనే కూర్చున్నాడంది. ఆ పైన, పాపం ఆ ఒక్క జాయింటే అంది.

నాకు ఆగలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. చిలుము, క్యాలెండరు, బుధవారాలు, ఎర్రనీళ్ళు. చెబుతూ చెబుతూ పంచదార డబ్బా ఎక్కడుందో చూసుకుంటున్నాను. అమ్మ కూలబడలేదు. అలాగే నిలబడి చివరిదాకా విన్నది.

"నీళ్ళు పొయ్యొద్దంటే మానేసేదాన్ని కదరా," అంది. "దానికో మనిషి పరువు తియ్యాలా? మీ నాన్నని కాలవలోంచి తీసినప్పుడు చొక్కా చూసి గుర్తుపట్టింది నేను. ఉప్పునీళ్ళ మాట తట్టుకోలేనని ఎలా అనుకున్నార్రా మీ ఇద్దరూ?"

 నిజంగా ఇద్దరిలో ఒక్కరం కూడా అలా ఆలోచించలేదు. కట్టుకున్న చీరతోనే గేటు దాటింది. బండి తీస్తానన్నాను. అక్కర్లేదంది. ఎండలో నడుచుకుంటూ వెళ్ళింది. వెనకాల నేనూ నడిచాను.

మేస్త్రి ఇంటి ముందు టెంటు కింద సగం ఊరుంది. బండ్లున్నవాళ్ళంతా ఉన్నారు, టెంపో ఆయనా ఉన్నాడు. అమ్మ తిన్నగా వెళ్ళి మేస్త్రి భార్య పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. గుసగుసగా చెబుతుందనుకున్నాను. అందరికీ వినబడేలా చెప్పింది.

"ఒదినా, అన్నయ్యగారి జాయింటు ఊడలేదు. నేను దిష్టి నీళ్ళు పోసి బండి పాడుచేశాను. నా మనసు కష్టపడుద్దని ఆయన తన మీదేసుకున్నాడు. నేను ఊరంతా తిరిగి ఆయన్ని అన్నాను."

 మేస్త్రి భార్య అమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడకీ తెలీదు. ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట.

"నేనూ ఆయన చెయ్యి పడిపోయిందనే అనుకున్నానొదినా," అంది. "వయసైపోయింది, వైర్లు కలపడం నీవల్ల కాదు, ఇంక మానెయ్యమని రోజూ పోరేదాన్ని. అవునే, చెయ్యి ఒణుకుతందే అనీవోడు." అమ్మ చెయ్యి వదలకుండానే, "ఈ మాట ఆయన వినుంటే బాగుండేది," అంది.

అమ్మ తలతిప్పి నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. మూడేళ్ళూ ఆ షెడ్డు ముందు నుంచి రోజుకి రెండుసార్లు కొట్టుకి వెళ్ళొచ్చాను. ఒక్కసారి బండాపి, నలుగురూ ఉండగా ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.